ఊరికి తెలుసు, ఊరు అనలేదు: మిల్‌థోర్ప్‌లో ఒక ఇంటి చరిత్ర

1898 ఫిబ్రవరి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగరానికి దక్షిణాన ఉన్న కొండల మీద మంచు తుఫాను కొడుతోంది. ముప్పై దాటిన ఒక మనిషి తోపుడు బండి మీద తన సామానంతా వేసుకుని, ఇద్దరు కుర్రాళ్లు తోడు చెయ్యి వేస్తే, ఆ మంచులోనే బండి నెట్టుకుంటూ కొండ దాటాడు. ఆ బండిలో ఉన్నదే అతని ఆస్తి. పేరు జార్జ్ మెరిల్. షెఫీల్డ్ పేదపేటల్లో పెరిగినవాడు. పెద్ద చదువు లేదు. హోటల్లో, పత్రికాఫీసులో, ఇనుప కార్ఖానాలో, ఎక్కడ పని దొరికితే అక్కడ చేశాడు. ఆ రోజు అతను వెళ్లింది డెర్బీషైర్‌లోని మిల్‌థోర్ప్ అనే పల్లెకు. అక్కడ ఎడ్వర్డ్ కార్పెంటర్ ఇల్లు ఉంది. కార్పెంటర్‌కు అప్పటికి యాభై దాటాయి. కేంబ్రిడ్జ్‌లో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, చర్చిలో సహాయ పాస్టరుగా చేసి, అవన్నీ వదిలేసి కూరగాయలు పండించుకుంటూ రాసుకుంటున్న మనిషి.

ఆ రోజు నుంచి మెరిల్ చనిపోయేదాకా, అంటే ముప్పై ఏళ్లు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. అందులో మొదటి 24 ఏళ్లు ఆ పల్లెలోనే, ఊరంతా చూస్తుండగానే గడిచాయి. అది ఇద్దరు మగవాళ్ల ప్రేమ సంసారం. ఆ కాలంలో ఇంగ్లండ్ చట్టం ప్రకారం జైలు పాలయ్యే నేరం. అయినా ఆ ఇంటి మీద కేసు పడలేదు. ఇదెలా కుదిరిందన్నదే ఇక్కడ ప్రశ్న. ఊరు మంచిదని జవాబు చెబితే సరిపోదు. ఊరికి తెలియలేదని చెబితే అసలే కుదరదు.

ఎల్జీబీటీ చరిత్ర అనగానే ఇంగ్లండ్‌లో లండన్, మాంచెస్టర్, బ్రైటన్ పేర్లు వస్తాయి. పల్లె అంటే అలాంటివాళ్లు పారిపోయి వచ్చే చోటే తప్ప ఉండే చోటు కాదని ఒక లెక్క. ఈ లెక్కకు సగం కారణం కాగితాలు. పాతకాలపు స్వలింగ ప్రేమికుల గురించి మనకు దొరికే ఆధారాల్లో ఎక్కువ భాగం పోలీసు రికార్డులు, కోర్టు తీర్పులు, ఆ కేసుల మీద పత్రికలు రాసిన వార్తలు. ఇవన్నీ నగరంలో పుట్టే కాగితాలు. దాడి చేయడానికి ఒక బారో, పార్కో, స్నానశాలో ఉండాలి. డెర్బీషైర్ కొండల్లో ఏడెకరాల తోట మీద దాడి ఎవరు చేస్తారు? కేసు లేదు కాబట్టి కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి చరిత్ర లేదు అనుకోవడం ఆ తర్వాత జరిగిన పొరపాటు. పల్లెలో ఈ చరిత్ర వేరే చోట దొరుకుతుంది: ఉత్తరాల్లో, వీలునామాల్లో, డైరీల్లో, సమాధి రాళ్ల మీద. మిల్‌థోర్ప్ విషయంలో అదృష్టం ఏమిటంటే ఆ ఇంటి యజమాని రాయడం ఆపని మనిషి. ఆయన ఉత్తరాలు, రాతప్రతులు షెఫీల్డ్ నగర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

మిల్‌థోర్ప్ చిన్న పల్లె. హోమ్స్‌ఫీల్డ్ పారిష్ (అక్కడి పంచాయతీ లాంటిది) కిందికి వస్తుంది. 1974లో జిల్లాలను తిరగరాశాక ఇప్పుడు నార్త్ ఈస్ట్ డెర్బీషైర్ జిల్లాలో ఉంది. అటు షెఫీల్డ్ కత్తుల కార్ఖానాలు, ఇటు చెస్టర్‌ఫీల్డ్ అంగడి, మధ్యలో లోయ. 1882లో తండ్రి చనిపోయి వారసత్వం చేతికి రాగానే కార్పెంటర్ మరుసటేడు ఇక్కడ ఏడెకరాలు కొని, రాతి ఇల్లు కట్టించాడు. పొలం చివర వాగు. ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్లు పల్లెలో ఇల్లు కట్టుకోవడం వింతేమీ కాదు. ఈయన మాత్రం పండించిన కూరగాయలను స్వయంగా బండిలో వేసుకుని అంగడికి తీసుకెళ్లి, నిలబడి అమ్మేవాడు. కేంబ్రిడ్జ్ పట్టా ఉన్న పెద్దమనిషి అంగట్లో కూరగాయలు అమ్మడమే ఆ ప్రాంతానికి మొదటి వింత. మిగతా వింతలు దాని వెనక వచ్చాయి.

మొదట్లో ఆ ఇంట్లో ఆయన ఒక్కడే లేడు. గడ్డి కోసే కొడవళ్లు తయారుచేసే ఆల్బర్ట్ ఫెర్నీహో, అతని భార్యాపిల్లలు కూడా అక్కడే ఉండేవాళ్లు. 1893లో వాళ్లు వెళ్లాక జార్జ్ ఆడమ్స్ కుటుంబం వచ్చింది. బయటి నుంచి చూసేవాళ్లకు అదొక అయ్యగారు, ఆయన ఇంటిని చూసుకునే ఒక కుటుంబం. ఈ ఏర్పాటు ఇంగ్లిష్ పల్లెకు బాగా తెలిసినదే. అందులో ఎవరూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

ఈ ఇంటికి మన దేశంతో ఉన్న లంకె చెప్పుల దగ్గర మొదలవుతుంది. హెరాల్డ్ కాక్స్ అనే స్నేహితుడు అలీగఢ్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చినప్పుడు, అక్కడి చెప్పులు ఒక జత పంపమని కార్పెంటర్ అడిగాడు. కాశ్మీర్ నుంచి జత వచ్చింది. దాన్ని విప్పి చూసి, కుట్టు నేర్చుకుని, మిల్‌థోర్ప్‌లోనే చెప్పులు కుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. బిగుతు బూట్లు పాదాలకు శవపేటికలని ఆయన వాదన. తర్వాత జార్జ్ ఆడమ్స్ ఆ పని చేపట్టి, లెచ్‌వర్త్ అనే కొత్త ఉద్యాన నగరానికి దాన్ని తీసుకెళ్లాడు. ఇంగ్లండ్‌లో సోషలిస్టులంటే చెప్పులేసుకుని కూరగాయలు తినేవాళ్లని వచ్చిన ఎగతాళికి మూలం చాలావరకు ఈ ఏడెకరాల్లోనే ఉంది.

1890లో ఆయన సిలోన్‌కు, అక్కడి నుంచి భారతదేశానికి వచ్చాడు. కేంబ్రిడ్జ్‌నాటి స్నేహితుడు పొన్నంబలం అరుణాచలం సిలోన్‌లో ఒక తమిళ గురువు దగ్గరికి తీసుకెళితే, కొన్ని వారాలు ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్నాడు. ఆ ప్రయాణం మీద 1892లో పుస్తకం వేశాడు. నాగరికతను ఒక జబ్బుగా, మానవజాతి దాటిపోవాల్సిన రోగంగా చూస్తూ 1889లో ఆయన రాసిన పుస్తకాన్ని గాంధీ చదివి, 1909 నాటి హింద్ స్వరాజ్‌లో ప్రస్తావించాడు. చివర చదవాల్సిన పుస్తకాల పట్టీలో కూడా చేర్చాడు. హింద్ స్వరాజ్ చదివిన తెలుగువాళ్లకు కార్పెంటర్ పేరు కంటబడే ఉంటుంది. ఆ పేరుగలవాడు అదే ఏడాది తన ఊళ్లో ఏ గొడవలో ఉన్నాడో మాత్రం ఆ పట్టీ చెప్పదు. ఆ గొడవ కాసేపట్లో వస్తుంది.

మెరిల్‌తో పరిచయం ఆ తూర్పు ప్రయాణం ముగిశాక, రైల్లో. చూపులు కలిశాయి, రైలు దిగాక మాటలు కలిశాయి. ఏళ్ల తరబడి రాకపోకలు సాగాయి. 1898లో ఆడమ్స్ కుటుంబం ఖాళీ చేయడంతో మెరిల్ రావడానికి దారి దొరికింది. ఇక్కడే స్నేహితులకు టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో ఆడమనిషి లేకుండా ఇద్దరు మగవాళ్లా? అందులో ఒకడు పేటకుర్రాడా? వద్దని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వీళ్లు ఛాందసులు కారు, చాలామంది సోషలిస్టులే. సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నోళ్లతోనే ఆ సలహా ఇచ్చారు. కార్పెంటర్ వినలేదు.

మెరిల్ వచ్చాక ఆ ఇల్లు ఎలా నడిచిందో చూస్తే ఊరి మౌనం కొంత అర్థమవుతుంది. వంట అతనిదే. ఇల్లు ఊడ్చి తుడిచేది అతనే, పూలు తెచ్చి అలంకరించేది అతనే. పియానో మీద కూర్చుని పాటలు పాడేవాడు. ఊళ్లో రాయల్ ఓక్ అనే పబ్‌కు వెళ్లి జనంతో కూర్చునేవాడు. కార్పెంటర్‌కు కొత్తవాళ్లతో మొహమాటం. మెరిల్‌కు అదేమీ లేదు. ఊరికి ఆ ఇంటి తలుపు తెరిచింది నిజానికి ఇతనే అనుకోవచ్చు.

ఊరు ఈ ఇద్దర్నీ ఏమని చదువుకుంది? పల్లెలో మనిషిని గుర్తించేది పనిని బట్టి, ఇంటిలో స్థానాన్ని బట్టి. ఈయన అయ్యగారు, అతను ఇంటిపని చూసే మనిషి. ఆ చట్రం తయారుగా ఉంది. దాంట్లో ఇద్దరూ సరిపోయారు. సరిపోనిది ఏదన్నా కనిపిస్తే దాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఊళ్లో ఎవరి పొయ్యి మీద ఏముడుకుతోందో ఊరందరికీ తెలుస్తుందన్న సంగతి ఏ పల్లెవాడికీ చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్లకు, పాలుపోసేవాళ్లకు, పొలంలో కూలికి వచ్చినవాళ్లకు మిల్‌థోర్ప్ ఇంట్లో ఎన్ని మంచాలున్నాయో తెలియదంటే నమ్మలేం. తెలిసినదాన్ని పేరు పెట్టి పిలవకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. పల్లె చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెంటినీ ఒకటి చేసుకునే దగ్గరే.

పేరు పెడితే ఏమవుతుందో చట్టం చెబుతుంది. 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో మగవాళ్ల మధ్య సంభోగానికి ఉరిశిక్ష పెట్టారు. 1861లో ఆ ఉరి తీసేసి యావజ్జీవం పెట్టారు. ఆఖరుగా ఉరితీసింది 1835లో, ఇద్దర్ని. 1885లో హెన్రీ లబుషేర్ అనే ఎంపీ ఒక సవరణ తెచ్చాడు. దాంతో మగవాళ్ల మధ్య ఎలాంటి ‘అసభ్యత’ అయినా, నాలుగు గోడల మధ్య జరిగినా సరే, రెండేళ్ల దాకా జైలు శిక్ష. అసభ్యత అంటే ఏమిటో చట్టంలో లేదు. బ్లాక్‌మెయిలర్ల చేతికిచ్చిన లైసెన్సని దానికి పేరు పడింది. 1895 మే నెలలో రచయిత ఆస్కార్ వైల్డ్ జైలుకెళ్లింది ఈ సెక్షన్ కిందే. ఆడవాళ్లను ఈ చట్టం పట్టించుకోలేదు. 1921లో చేర్చాలని చూశారు కానీ, ప్రభువుల సభలో అది వీగిపోయింది. చట్టం పెడితే తెలియని ఆడవాళ్లకు కూడా తెలిసిపోతుందని అక్కడ వాదించినవాళ్లున్నారు. మాట్లాడకపోవడమే మందు అన్న నమ్మకం పల్లెకే కాదు, పార్లమెంటుకూ ఉంది.

ఇంగ్లిష్ వాళ్ల ఆ 1533 చట్టం వారసత్వమే 1860 నాటి మన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అయింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1967లో, ఇరవై ఒకటి నిండిన మగవాళ్ల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదన్నారు. మన దగ్గర సుప్రీంకోర్టు ఆ మాట అనేసరికి 2018 అయింది. హైదరాబాద్ సంస్థానం కాలం నుంచి హిజ్రాల పేర్లు రిజిస్టర్లో పెట్టి నిఘా వేసిన పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో.

వైల్డ్ కేసు మిల్‌థోర్ప్‌ను వేరే రకంగా తాకింది. ఆ ఏడాది మొదట్లోనే కార్పెంటర్ స్వలింగ ప్రేమ మీద ఒక చిన్న పుస్తకం రాసి, బయట అమ్మకుండా తెలిసినవాళ్లకు పంచడానికి మాంచెస్టర్‌లో అచ్చు వేయించాడు. కొద్ది నెలల్లో వైల్డ్ కేసు పేలింది. స్త్రీపురుష సంబంధాల మీద ఆయన రాసిన మరో పుస్తకాన్ని వేస్తానన్న లండన్ ప్రచురణకర్త ఒప్పందం రద్దు చేసుకున్నాడు. ఆ పుస్తకంలో స్వలింగ ప్రేమ అధ్యాయం లేనే లేదు. రచయిత పేరు చూసే భయపడ్డాడన్నమాట. చివరికి మాంచెస్టర్ కార్మికుల ప్రెస్సు దాన్ని 1896లో బయటికి తెచ్చింది. 1908లో ఆయన పూర్తిగా ఈ విషయం మీదే పుస్తకం వేశాడు. ఇలాంటివాళ్లు రోగులు కారు, నేరస్తులు కారు, ఆడమగల మధ్య వారధిగా సమాజానికి పనికొచ్చే ‘మధ్య లింగం’ అని అందులో వాదించాడు. ఈ మధ్య లింగం సిద్ధాంతం ఇవాళ చదివితే అక్కడక్కడ ఇబ్బందిగానే ఉంటుంది. గే మగవాళ్లంటే లోపల కొంత ఆడతనం ఉన్నవాళ్లు అన్న ముద్రను అది గట్టిపరిచింది కూడా. కానీ 1908లో ఒక మనిషి తన సొంత పేరుతో, తన ఊరి చిరునామా దాచుకోకుండా ఈ మాట అనడం మామూలు సంగతి కాదు.

ప్రమాదం వచ్చింది కూడా రాతలోంచే. పదకొండేళ్లుగా కలిసి బతుకుతున్నప్పుడు రాని గొడవ, పుస్తకం వచ్చిన మరుసటేడు వచ్చింది. 1909లో ఎం.డి. ఓబ్రయన్ అనే వ్యక్తి సోషలిజం, నీచత్వం ఒకటేనని, ‘కామ్రేడ్ ప్రేమ’ గుట్టు రట్టు చేస్తున్నానని ఒక కరపత్రం అచ్చేశాడు. కార్పెంటర్‌ను పేరు పెట్టి తిట్టాడు. చుట్టుపక్కల ఊళ్లలో పంచాడు. ఆయనకు సోషలిస్టులంటే పడదు, మతం మీద పట్టింపు ఎక్కువ. ఒకే రాయికి రెండు పిట్టలు అనుకున్నాడు. ఊళ్లో అందరికీ తెలిసి, ఎవరూ అననిదాన్ని అచ్చులో పెట్టి ఇంటింటి గడప మీద పడేశాడు. అంటే ఊరిని మాట్లాడక తప్పని స్థితిలోకి నెట్టాలని చూశాడు.

ఆ క్షణంలో ఊరు ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. జరిగింది ఇంతే: అరెస్టు లేదు, కేసు లేదు, ఇల్లు ఖాళీ చేసి పోవడం లేదు. కార్పెంటర్, మెరిల్ ఆ తర్వాత కూడా పదమూడేళ్లు అదే ఇంట్లో ఉన్నారు. దీన్ని ఊరి ఉదారతగా చెప్పుకోవాలని ఇవాళ చాలామందికి ఉంటుంది. అంత దూరం వెళ్లక్కర్లేదు. తమతో కలిసి తిరిగే మనుషుల మీద, బయటి రాజకీయం పెట్టుకున్నవాడు కరపత్రం పంచితే పల్లె సాధారణంగా పక్కవాడివైపే మొగ్గుతుంది. ఇంతకాలం ఊరుకుని ఇప్పుడు నోరెత్తితే, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్న వాళ్లకే తగులుతుంది. దానికి తోడు కార్పెంటర్‌కు పేరుంది, డబ్బుంది, చదువుకున్న స్నేహితులున్నారు. ఆయన మీద కేసు పెట్టడం ఏ అధికారికైనా తలనొప్పే.

వర్గం సంగతి ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. ఈ కథలో ఏడెకరాలూ ఒక గొడుగు. గోడలున్న సొంత ఇల్లు, చుట్టూ సొంత నేల, దారిన పోయేవాడు తొంగిచూడలేని దూరం, ఇవన్నీ డబ్బుతో వచ్చినవి. 1885 చట్టం నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని కూడా నేరం చేసిందన్నది నిజమే. కానీ గోడల లోపలికి పోలీసు రావాలంటే లోపలివాడు ఎవరన్నది చూసుకునే వస్తాడు. అదే లోయలో పరాయి రైతు ఇంట్లో ఉంటూ, అటక మీద మరో నలుగురితో పడుకునే పాలేరుకు ఆ గోడలు లేవు. అతనికీ ప్రేమలు ఉండే ఉంటాయి. వాటి ఊసు మనకు ఎక్కడా రాసిపెట్టి లేదు. కార్పెంటర్ ఒక్కడి కథ చూపించి పల్లెలు స్వర్గాలని చెప్పేవాళ్లు ఆ పాలేరును మర్చిపోతున్నారు.

కార్పెంటర్ మనసిచ్చిన మరో మనిషి జార్జ్ హ్యూకిన్ కథలో కూడా ఈ వర్గం గీత కనబడుతుంది. హ్యూకిన్ షెఫీల్డ్‌లో క్షౌరకత్తులు సానపట్టే కార్మికుడు, సోషలిస్టు సంఘంలో తోటివాడు. 1880ల నడుమ ఇద్దరికీ దగ్గరితనం పెరిగింది. 1887లో హ్యూకిన్ ఫ్యానీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కార్పెంటర్ నలిగిపోయాడు కానీ స్నేహం తెగలేదు. తర్వాత హ్యూకిన్ దంపతులు హోమ్స్‌ఫీల్డ్‌కే వచ్చి, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నారు. 1917లో హ్యూకిన్ చనిపోయేదాకా అంతే. భార్య, భర్త, భర్తను ప్రేమించిన స్నేహితుడు, ఆ స్నేహితుడి జోడు, ఈ నలుగురూ ఒకే పారిష్‌లో రోజూ పలకరించుకుంటూ బతికారు. దీనికి ఇవాళ్టి ముద్రలు ఏవీ సరిగా అతకవు. గే అనాలా, బైసెక్సువల్ అనాలా అని తేల్చడానికి కూర్చుంటే ఆ ఊళ్లో నడిచిన అసలు జీవితం చేజారిపోతుంది.

చూసిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. డోర్ అండ్ టోట్లీ స్టేషన్‌లో రైలు దిగి, గుట్టల మీదుగా నడిచి వచ్చేవాళ్లు. సోషలిస్టులు, కవులు, ఓటుహక్కు కోసం పోరాడే ఆడవాళ్లు, పెళ్లి గురించి సలహా కావాల్సినవాళ్లు, తమలో ఏదో తేడా ఉందని తెలిసి దానికి పేరు వెతుక్కునే కుర్రాళ్లు. తర్వాత యుద్ధ కవిగా పేరు పొందిన సీగ్‌ఫ్రీడ్ ససూన్ 1911లో ఇక్కడికి ఉత్తరం రాశాడు. పల్లెను వదిలి నగరానికి పోయే దారి ఒకటే మనకు చెబుతారు కానీ, ఈ కథలో జనం నగరం నుంచి పల్లెకు నడిచారు.

వాళ్లలో ఒకడు ఈ.ఎం. ఫార్‌స్టర్. మన దేశం మీద నవల రాసినవాడిగా తెలుగు పాఠకులకు తెలిసిన పేరే. 1913లో మిల్‌థోర్ప్ వచ్చినప్పుడు మెరిల్ అతని నడుం కింద, పిరుదుల పైన ఒకసారి చెయ్యి వేశాడు. మెరిల్‌కు అలా చెయ్యి వెయ్యడం అలవాటే. ఆ స్పర్శ నడుంలోంచి నేరుగా తన ఆలోచనల్లోకి వెళ్లిందని ఫార్‌స్టర్ ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. అక్కడి నుంచి వెళ్లి రాయడం మొదలుపెట్టిందే ‘మారిస్’ నవల. మధ్యతరగతి కుర్రాడు, ఒక ఎస్టేటు అడవిని కాసే పనివాడు ప్రేమలో పడి, చివరికి కలిసే ఉంటారు. సుఖాంతం ఉండి తీరాలని ఫార్‌స్టర్ పట్టుబట్టాడు. ఆ సుఖాంతం వల్లే దాన్ని అచ్చు వేయలేకపోయాడు, ఎందుకంటే నేరం చేసినవాళ్లకు శిక్ష పడకుండా కథ ముగిసింది. 1914 నాటికి రాసిన నవల, ఆయన 1970లో చనిపోయాక, 1971లో వచ్చింది. ఫార్‌స్టర్ ఊహలో పల్లె అడవి ఇద్దరు మగవాళ్లు మాయమైపోయి బతకగల చోటు. మిల్‌థోర్ప్‌లో ఎవరూ మాయం కాలేదు. రోజూ కనిపిస్తూనే, కూరగాయలు అమ్ముతూనే, పబ్‌లో పాడుతూనే ఉన్నారు. నవల కంటే అసలు కథే ధైర్యమైనదని అనిపిస్తుంది.

మిల్‌థోర్ప్‌ది ఒక రకం ఆధారమైతే, వేరే జిల్లాల్లో వేరే రకాలు. యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ పక్కన షిబ్డెన్ హాల్ భూస్వామిని ఆన్ లిస్టర్, 1840లో చనిపోయేనాటికి దాదాపు 50 లక్షల మాటల డైరీ రాసింది. ఆడవాళ్లతో ప్రేమ సంగతులన్నీ సంకేత లిపిలో. 1890లలో వారసుడు జాన్ లిస్టర్, ఒక స్నేహితుడితో కలిసి ఆ లిపిని విప్పాడు. లోపలున్నది చదివి స్నేహితుడు హడలిపోయి తగలబెట్టమన్నాడు. జాన్ లిస్టర్ తగలబెట్టలేదు, గోడ చెక్కల వెనక దాచాడు. తనకూ దాచుకోవాల్సిందేదో ఉందని కొందరు చరిత్రకారుల ఊహ. 2011లో ఆ డైరీలు యునెస్కో వారి బ్రిటన్ స్మృతి పట్టికలో చేరాయి. అగ్గిపుల్లకూ యునెస్కోకూ మధ్య ఉన్నది ఒక మనిషి వెనకాడిన క్షణం మాత్రమే.

బ్రిస్టల్ దగ్గర హెన్‌బరీ చర్చి ఆవరణలో ఈజిప్టు పురాతత్వవేత్త అమేలియా ఎడ్వర్డ్స్, ఆమెతో కలిసి బతికిన ఎలెన్ బ్రేషర్ ఒకే చోట ఉన్నారు. ఆ సమాధిని 2016లో ఎల్జీబీటీ చరిత్ర కట్టడంగా కూడా గుర్తించి రక్షిత జాబితాలో పెట్టారు. సఫోక్‌లో ఆల్డ్‌బరో ఊరు బెంజమిన్ బ్రిటెన్, పీటర్ పియర్స్‌ల సంగీతంతో పేరు తెచ్చుకుంది. 1976లో బ్రిటెన్ చనిపోతే రాణి సంతాప సందేశం పియర్స్‌కు పంపింది, భార్యకు పంపినట్టే. ఊరి శ్మశానంలో ఇద్దరివీ పక్కపక్క రాళ్లు. ఆ రాళ్లు చెప్పేది చర్చికొచ్చే ప్రతివాడూ చదివాడు. గట్టిగా చదివినవాళ్లే తక్కువ.

ఇంత ఉండి కూడా స్థానిక చరిత్రలోకి ఇవి ఆలస్యంగా ఎందుకొచ్చాయి? ఇక్కడ ఒక పొడి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో ఊరి మ్యూజియం, లైబ్రరీ, రికార్డు ఆఫీసు చాలాచోట్ల కౌన్సిళ్లవి. 1988లో థాచర్ ప్రభుత్వం తెచ్చిన సెక్షన్ 28 ప్రకారం స్థానిక సంస్థలు స్వలింగ సంపర్కాన్ని ‘ప్రోత్సహించకూడదు’. ఆ సెక్షన్ కింద ఒక్క కేసు కూడా గెలవలేదు. అవసరం రాలేదు కూడా. ప్రోత్సహించడమంటే ఏమిటో తేలనప్పుడు, జీతం మీద బతికే ఉద్యోగి ఎందుకొచ్చిన గొడవ అనుకుంటాడు. ఎగ్జిబిషన్లో ఆ ఒక్క బోర్డు తీసేస్తే ఎవరూ అడగరు. 2003లో ఇంగ్లండ్‌లో అది రద్దయింది. 2005లో అక్కడ ఎల్జీబీటీ చరిత్ర మాసం మొదలైంది, ప్రతి ఫిబ్రవరిలో. మెరిల్ బండి తోసుకొచ్చింది కూడా ఫిబ్రవరిలోనే కావడం కాకతాళీయం.

జనాభా లెక్కల పత్రంలో ఈ మార్పు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పాత ఫారాల్లో ‘ఇంటి యజమానికి ఏమవుతారు’ అని ఒక గడి ఉండేది. భార్య, కొడుకు, నౌకరు, అద్దెకుండేవాడు, అతిథి. మెరిల్ లాంటి మనిషికి ఆ గడిలో రాయడానికి ఒక్క మాట లేదు, నౌకరో, అద్దెకుండేవాడో, అతిథో తప్ప. పాత లెక్కల్లోంచి ఇలాంటి జంటలను వెతికేవాళ్లు అందుకే ఇరవై ఏళ్లు మారని ‘అతిథుల’ కోసం చూస్తారు. 2021లో ఇంగ్లండ్, వేల్స్ లెక్కల్లో లైంగిక ధోరణి గురించి మొదటిసారి అడిగారు. ఇష్టమైతేనే చెప్పొచ్చు. పదహారు నిండినవాళ్లలో 3.2 శాతం తాము గేలో, లెస్బియన్లో, బైసెక్సువల్లో, మరో రకమో అని రాశారు. పల్లె జిల్లాలకు కూడా ఇప్పుడు తమ తమ అంకెలున్నాయి.

1922లో కార్పెంటర్, మెరిల్ మిల్‌థోర్ప్ వదిలి దక్షిణాన గిల్డ్‌ఫర్డ్‌కు వెళ్లారు. వయసు మీదపడింది, పాత స్నేహితులు పోయారు, కొండల చలి తట్టుకోవడం కష్టమైంది. 1924లో ఆయనకు 80 నిండాయి. అప్పుడే బ్రిటన్‌లో తొలి లేబర్ ప్రభుత్వం ఏర్పడి ఉంది, ఆ మంత్రివర్గం నుంచి శుభాకాంక్షలు అందాయి. 1928 జనవరిలో మెరిల్ చనిపోయాడు. కార్పెంటర్‌కు ఆ దెబ్బ తర్వాత పక్షవాతం వచ్చింది. 1929 జూన్ 28న పోయాడు. గిల్డ్‌ఫర్డ్ మౌంట్ శ్మశానంలో మెరిల్‌ను పెట్టిన సమాధిలోనే ఆయననూ పెట్టారు.

మిల్‌థోర్ప్ ఇల్లు ఇంకా నిలబడే ఉంది. కార్పెంటర్ కాగితాలు పెట్టెల కొద్దీ ఉన్నాయి, ఆత్మకథ ఉంది, మెరిల్ జీవితం మీద ఆయన రాసి అచ్చువేయని రాతప్రతి కూడా ఉంది. మెరిల్ సొంత గొంతు మాత్రం మనకు ఎక్కువగా కార్పెంటర్ రాతల్లోంచే వినిపిస్తుంది. అలా మిగిలినవాటిలో ఒకటి ఇది. ఒకరోజు ఒక మతప్రచారకుడు గుమ్మంలోకి వచ్చి, స్వర్గానికి వెళ్లే దారి చెప్పే కరపత్రం ఇవ్వబోయాడు. మెరిల్ తీసుకోలేదు. మేమిప్పుడే స్వర్గంలో ఉన్నామని నీకు కనపడట్లేదా, ఇంతకంటే మంచిది మాకక్కర్లేదు, వెళ్లిరా అని తలుపేశాడు.